ఇంగ్లీషు బోర్డు చూసి ఊరి అసలు పేరు పట్టుకోవడం ఎలా

"యెల్లాండు అనే ఊరు మా దిక్కున లేదు బిడ్డా" అంది ఫోన్లో ఒక పెద్దావిడ. ఆమె పార్సిల్ మీద రాసి ఉన్నది ఆ ఊరే. నా కంప్యూటర్ తెర మీద వై, ఇ, ఎల్, ఎల్, ఎ, ఎన్, డి, యు అని కనిపిస్తోంది. ఉన్నది ఉన్నట్టు మళ్ళీ చదివాను. మూడోసారికి ఆమెకే తట్టింది. "ఇల్లెందా? ఇల్లెందు అనరాదు మరి! నేనుండేది ఆ ఊళ్ళనే."

సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైన ఊరు అది. తెలుగులో ఇల్లందు అనీ ఇల్లెందు అనీ రెండు రకాలుగానూ రాస్తారు. తెలుగు పుట్టుక పుట్టి, తెలుగు ఊరి పేరును తెలుగావిడకు అర్థం కాకుండా చదివానే అని ఆ రోజంతా బాధగా అనిపించింది. అప్పట్లో ఒక పార్సిల్ ఆఫీసులో ఫోన్ దగ్గర కూర్చునేదాన్ని. రోజూ పదుల కొద్దీ ఊళ్ళు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. అప్పటి నుంచి నేర్చుకున్నది వరసగా చెబుతాను. కొత్త జిల్లాలో ఉద్యోగంలో చేరినవాళ్ళకు, ఫోన్లో మాట్లాడే పని ఉన్నవాళ్ళకు, మ్యాప్ చూసుకుంటూ బండి నడిపేవాళ్ళకు పనికొస్తుంది.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మన అక్షరాలు యాభై ఆరు, ఇంగ్లీషువి ఇరవై ఆరు. త, ట రెండూ ఒకే టి లోకి వెళ్ళిపోతాయి. ద, డ ఒకే డి లోకి. ల, ళ ఒకటే అయిపోతాయి, న, ణ ఒకటే అయిపోతాయి. అ, ఆ తేడా ఉండదు. ఎ, ఏ తేడా ఉండదు. అంటే ఇంగ్లీషులో రాసిన ఊరి పేరులో సగం సమాచారమే మిగులుతుంది. ఆ మిగతా సగాన్ని మనకు ఇంతకుముందే తెలిసిన తెలుగులోంచి తెచ్చి నింపాలి.

మొదటి పని: ఊడిపోయిన అచ్చును చివర అతికించండి

తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. ఇంగ్లీషు గుమాస్తాలు ఆ చివరి ఉకారాన్ని వదిలేశారు. గుంటూర్, చిత్తూర్ అని కనిపిస్తే గుంటూరు, చిత్తూరు అని మీకు తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు. అదే సూత్రం తెలియని ఊరికీ వాడండి. చివర యు-ఆర్ ఉన్నా, ఓ-ఓ-ఆర్ ఉన్నా, నెల్లూరులో లాగా ఓ-ఆర్-ఇ ఉన్నా అన్నీ 'ఊరు' కిందే లెక్క. ఓ-ఎల్-ఇ ఉంటే 'ఓలు', ఒంగోలు లాగా.

తెలంగాణలో ఇది ఇంకాస్త ఎక్కువ. నిజాం పాలనలో రికార్డులు ఉర్దూలో ఉండేవి కాబట్టి చాలా పేర్లు చివరి అచ్చు లేకుండానే కాగితాలకెక్కాయి. తర్వాత ఇంగ్లీషులోనూ అలాగే నిలిచిపోయాయి. జగ్తియాల్ అని చదవాలనిపించేది జగిత్యాల. మంచెరియల్ అనిపించేది మంచిర్యాల. కోడాడ్ కాదు, కోదాడ. పర్కల్ కాదు, పరకాల. సిర్సిల్లా కాదు, సిరిసిల్ల. చూడండి, వీటిలో చివరి అచ్చే కాదు, మధ్యలోవీ కొన్ని ఎగిరిపోయాయి. రెండు హల్లులు ఒకదానికొకటి అతుక్కుని నోటికి ఎబ్బెట్టుగా ఉంటే మధ్యలో ఒక ఇకారమో అకారమో పడిపోయిందని అనుమానించండి. కోస్తాలో సామర్లకోట ఇలాంటిదే. రైల్వేవాళ్ళ ఇంగ్లీషులో అది సామల్కోట్.

బాద్, నగర్, పూర్ అని ముగిసే పేర్లను మాత్రం ముట్టుకోకండి. ఆదిలాబాద్‌కు ఉకారం తగిలిస్తే ఎవరూ ఒప్పుకోరు.

రెండో పని: తోకను కోసి చూడండి

నాకు ఎక్కువగా కలిసొచ్చింది ఇదే. మన ఊళ్ళ పేర్లు చాలావరకు రెండు ముక్కలు. వెనక ముక్క నేల గురించో నీళ్ళ గురించో చెబుతుంది. ముందు ముక్క చెట్టో, మనిషో, దేవుడో, రంగో. వెనక ముక్కలు ఒక నలభై తెలిస్తే చాలు, రెండు రాష్ట్రాల్లో ఎక్కడికెళ్ళినా సగం పేరు తప్పు లేకుండా పలకగలుగుతారు.

పి-ఎ-డి-యు కనిపిస్తే అది ఎప్పుడూ 'పాడు', దీర్ఘంతో, డకారంతో. పి-యు-డి-ఐ అయితే 'పూడి'. పి-ఎ-ఎల్-ఇ-ఎమ్ అయితే 'పాలెం'. పలేమ్ అని చదివితే అక్కడ పుట్టినవాళ్ళ చెవికి గుచ్చుకుంటుంది. గూడెం, కొండ, వాడ, కోట, పేట, కుంట, గుంట, లంక, పర్రు, వలస. గోదావరి మధ్యలో ఉండే దిబ్బ లంక అవుతుంది. నీరు నిలిచే పల్లపు నేల పర్రు. బొబ్బిలి, విజయనగరం వైపు వలసలు బాగా కనిపిస్తాయి, కొత్తవలస లాగా. 'కల్లు' అంటే రాయి. గుంతకల్లులో ఉన్నది అదే, ఓరుగల్లులో 'గల్లు'గా మారినదీ అదే. 'ప్రోలు' అంటే ఊరు. భట్టిప్రోలులో అలాగే ఉంది, నిడుబ్రోలులో బ్రోలు అయింది, కందనవోలులో వోలు అయింది. కందనవోలే నేటి కర్నూలు.

తోక కోశాక ముందు ముక్కను చూడండి. ఒక ఉదాహరణ నిదానంగా చేద్దాం. కోనసీమలో ఒక ఊరు, ఇంగ్లీషులో ఎమ్-ఎ-ఎమ్-ఐ-డి-ఐ-కె-యు-డి-యు-ఆర్-యు. తెలియనివాళ్ళు గుడ్డిగా చదివితే మమిదికుడురు అవుతుంది. ఇందులో రెండు డిలు ఉన్నాయి, ఏది ద, ఏది డ? తోక కోయండి. ముందు మిగిలేది 'మామిడి'. అది అందరికీ తెలిసిన చెట్టు, కాబట్టి మొదటిది డ. వెనక మిగిలేది 'కుదురు', మొక్క కుదురు, కుండ కుదురు అంటామే, అదే మాట. కాబట్టి రెండోది ద. మామిడికుదురు. ఎవర్నీ అడక్కుండానే పేరు చేతికొచ్చింది.

చెట్లు చాలా సాయం చేస్తాయి. టి-ఎ-డి అని మొదలైతే తాటిచెట్టును తలుచుకోండి: తాడేపల్లి, తాడికొండ, తాడిపత్రి. సి-హెచ్-ఐ-ఎన్-టి అంటే చింత: చింతలపూడి, చింతపల్లి. మర్రి, వేము, రావి కూడా అంతే. చెట్టు పేరు కుదరకపోతే మనిషి పేరు వెతకండి. జంగారెడ్డిగూడెం ఇంగ్లీషులో కొండవీటి చాంతాడంత కనిపిస్తుంది గానీ, 'జంగారెడ్డి' దగ్గర విడదీస్తే ఏమీ లేదు.

చిన, పెద, కొత్త, పాత అనేవి వేరేగా గుర్తుపెట్టుకోండి. 'చిన' ఇంగ్లీషులో సి-హెచ్-ఐ-ఎన్-ఎ అవుతుంది. చినవాల్తేరును, చినకాకానిని చైనాతో మొదలుపెట్టి చదివినవాళ్ళను నేను విన్నాను. కె-ఓ-టి-హెచ్-ఎ ఉంటే అది కొత్త, తకారం కింద ఒత్తుతో. ఇంగ్లీషులో ఒక్క తకారమే కనిపించినా నోట్లో రెండు పలకాలి.

మూడో పని: త–ట, ద–డ తేల్చుకోండి

తోక కోసినా తేలని పేర్లకు ఈ చిట్కా. అచ్చ తెలుగు మాటలు ట తోనో డ తోనో మొదలవడం తక్కువ. అందుకని పేరు మొదట్లో టి ఉంటే త అనుకోండి: తెనాలి, తుని, తణుకు, తిరువూరు. డి ఉంటే ద అనుకోండి: దుగ్గిరాల, దెందులూరు, దర్శి, దాచేపల్లి. ఇందులో పదికి ఎనిమిది సార్లు నెగ్గుతారని నా అనుభవం. ఓడిపోయేవి కూడా చెబుతాను: టెక్కలి, టంగుటూరు, డోన్. డోన్‌ను ఇంగ్లీషులో డి-హెచ్ పెట్టి రాస్తారు. అది చూసి ధోనే అనకండి.

పేరు మధ్యలో డి ఉంటే డ వైపు మొగ్గండి. వాడ, కొండ, పాడు, పూడి, గూడెం అన్నీ డకారాలే కదా. మధ్యలో టి వస్తే మాత్రం నేను తొందరపడను. గుంటూరు, గుంతకల్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఇంగ్లీషులో రెండూ జి-యు-ఎన్-టి తోనే మొదలవుతాయి. ఒకటి ట, ఒకటి త. గుంట, గుంత రెండూ గొయ్యి అనే అర్థంలో మనం వాడే మాటలే, కాబట్టి అర్థం కూడా ఇక్కడ తేల్చదు.

టి పక్కన హెచ్ ఉంటే మన దక్షిణాదివాళ్ళ అలవాటు ప్రకారం అది త. థ అనుకోవద్దు. వనపర్తి, కొత్తగూడెం రెండింటిలోనూ అంతే. పిఠాపురం మాత్రం మినహాయింపు, అక్కడ ఠ.

ఇక నిడదవోలు. నా మటుకు నాకు ఇది పరీక్ష లాంటి పేరు. ఎన్-ఐ-డి-ఎ-డి-ఎ-వి-ఓ-ఎల్-యు. వోలు అనే తోక దొరికింది. మిగిలింది ని, ఒక డి, ఇంకో డి. నిదడనా? నిడదనా? నిదదనా? నేను ఏడాది పాటు నిదడవోలు అన్నాను. అవతలివాళ్ళు మర్యాదస్థులు కాబట్టి "ఆఁ, నిడదవోలేనండి" అని మెల్లగా దిద్ది ఊరుకునేవారు. ఆ 'ఏనండి' లో ఉన్న దిద్దుబాటు నాకు చాలా ఆలస్యంగా వినబడింది. మీరు ఏదైనా ఊరి పేరు చెప్పగానే అవతలివాళ్ళు అదే పేరును మళ్ళీ ఒకసారి నెమ్మదిగా పలికారంటే, మీరు తప్పు పలికారని అర్థం. వెంటనే చెవి పెట్టండి.

నాలుగో పని: మొదట్లో ఉన్న వై ని, వి ని నమ్మకండి

ఎకారంతో మొదలయ్యే మాటను మనం పలికేటప్పుడు దాని ముందు సన్నగా య వినిపిస్తుంది. ఒకారానికి, ఉకారానికి ముందు వ వినిపిస్తుంది. రాసేవాళ్ళు విన్నది విన్నట్టు ఇంగ్లీషులో పెట్టేశారు. అందుకే ఎర్రగుంట్ల, ఎమ్మిగనూరు, ఎలమంచిలి, ఏర్పేడు వై తో మొదలవుతాయి. ఒంటిమిట్ట, ఉయ్యూరు వి తో మొదలవుతాయి. వై-ఇ చూడగానే ఎ గానీ ఏ గానీ అనుకోండి, వి-యు చూడగానే ఉ అనుకోండి. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే ఆ పెద్దావిడతో నాకంత ఇబ్బంది అయ్యేది కాదు. ఇల్లెందుకు చేరకపోయినా కనీసం ఎల్లెందు దాకా వచ్చేదాన్ని.

అయిదో పని: ఊరు ఏ వైపుదో చూసుకోండి

ఒకే రకం స్పెల్లింగ్ రెండు చోట్ల రెండు రకాలుగా పలుకుతుంది. గోదావరి ఒడ్డున ఉన్నది నరసాపురం. మెదక్ వైపు ఉన్నది నర్సాపూర్. కోస్తాలో, సీమలో పురం అనుకోండి, తెలంగాణలో పూర్ అనుకోండి, చాలాసార్లు సరిపోతుంది. అనంతపురాన్ని ఇంగ్లీషు బోర్డు చూసి అనంతపూర్ అనడం ఇప్పుడు అక్కడివాళ్ళకూ అలవాటైంది గానీ, ఊళ్ళో పెద్దవాళ్ళ నోట అనంతపురమే వస్తుంది.

పల్లె, పల్లి దగ్గర నిజంగా టెన్షనే. చివర ఇ ఉంది కదా అని పల్లె అనడానికి లేదు. రేపల్లె, మదనపల్లె సరే. అదే స్పెల్లింగుతో ఉన్న అనకాపల్లి, సత్తెనపల్లి మాత్రం పల్లిలే. తెలంగాణలో అయితే ధైర్యంగా పల్లి అనేయండి. మిగతా చోట్ల ఒక్కో ఊరూ కంఠతా పట్టడమే, నాకు వేరే దారి దొరకలేదు.

పెనుకొండ, పెనుగొండ కూడా ఇలాగే మోసం చేస్తాయి. మొదటిది సీమలో ఉంది, విజయనగర రాజుల కోట ఉన్న ఊరు. రెండోది పశ్చిమ గోదావరిలో ఉంది, వాసవీ కన్యకాపరమేశ్వరి గుడి ఉన్న ఊరు. కొండ అనే మాట ఇంకో మాట వెనక చేరితే ఒక్కోసారి గొండ అవుతుంది, నల్లగొండ లాగా. ఒక్కోసారి కొండగానే ఉంటుంది, గోల్కొండ లాగా. ఇంగ్లీషులో కె ఉందా, జి ఉందా అన్నది ఇక్కడ జాగ్రత్తగా చూడండి. పార్సిల్ పెనుగొండకు బదులు పెనుకొండకు వెళ్ళిందంటే రాష్ట్రం ఈ చివరి నుంచి ఆ చివరికి పోయినట్టే.

ఆరో పని: పాత తెల్లదొరల స్పెల్లింగులు కొన్ని బట్టీ పట్టండి

వీటికి ఏ సూత్రమూ పనిచేయదు. పాత కాగితాల్లో, రైల్వే రికార్డుల్లో, పాత దస్తావేజుల్లో ఇవి ఎదురవుతాయి. కాకినాడ కోకనాడగా ఉంటుంది, మచిలీపట్నం మసూలిపటంగా, శ్రీకాకుళం చికాకోల్‌గా, ఏలూరు ఎల్లోర్‌గా. కడపకు రెండు డిలు, చివర హెచ్ పెట్టి రాసిన స్పెల్లింగ్ 2005 దాకా అధికారికంగానే నడిచింది. ధవళేశ్వరాన్ని డౌలేశ్వరం అని రాశారు. 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఇంజనీర్ల పుస్తకాల్లో ఆ ఊరు అలాగే ఉంది.

అయితే ఆ స్పెల్లింగులన్నిటినీ తప్పుల కింద కొట్టెయ్యకండి. ఆనాటి గుమాస్తా పుస్తకం చూసి రాయలేదు, జనం నోట విని రాశాడు. భువనగిరి ఇంగ్లీషులో భోంగిర్ అని ఉంటుంది. ఎక్కడ భువనగిరి, ఎక్కడ భోంగిర్ అనిపిస్తుంది కదా? ఆ చుట్టుపక్కల పల్లెల్లో వినండి, బోనగిరి అంటారు. రాజమండ్రి కూడా అంతే. 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయింది గానీ, పాత ఇంగ్లీషు స్పెల్లింగ్ పట్టుకున్నది జనం వాడుకనే. అందుకే విచిత్రమైన స్పెల్లింగ్ కనిపిస్తే ఒకసారి గట్టిగా, వేగంగా పైకి చదివి చూడండి. లోపల దాగిన వాడుక పేరు ఒక్కోసారి చెవికి తగులుతుంది.

ఏడో పని: తెలుగులో రాసిన చోటు వెతకండి

ఊహించాక సరిచూసుకోవాలి. రైల్వే స్టేషన్ పలక మీద పేరు తెలుగులోనూ ఉంటుంది. ఆర్టీసీ బస్సు బోర్డు తెలుగులోనే ఉంటుంది. స్టేషన్, బస్సు రెండూ లేని చిన్న ఊరైతే బడి బోర్డు వెతకండి. 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల' అని రాసి పక్కన ఊరి పేరు తెలుగులో పెడతారు. ఇంటర్నెట్లో ఆ బడి ఫొటో దొరికితే చాలు. తెలుగు వికీపీడియాలో చిన్న చిన్న గ్రామాలకు కూడా పేజీలున్నాయి, అక్కడా చూడొచ్చు.

ఈ అక్షరాలు కూడా చెప్పలేనిది ఒకటుంది. చల్లపల్లి, చోడవరం అన్నప్పుడు మొదటి చ 'చిలక'లో చ లాంటిది కాదు. నాలుక పళ్ళకు తగిలించి పలికే చ, 'చలి'లో ఉన్నది. పూర్వం దానికి వేరే గుర్తు పెట్టేవారు, ఇప్పుడు మామూలు రాతలో పెట్టరు. ఇకార ఎకారాల ముందు మామూలు చ, అకార ఉకార ఒకారాల ముందు పళ్ళ చ అని తెలుగు మాటలకు ఒక లెక్క ఉంది. చంద్రగిరి లాంటి సంస్కృతం పేర్లకు అది వర్తించదు.

ఎనిమిదో పని: పొట్టి పేరు తెలుసుకోండి

సరిగ్గా పలికినా ఒక్కోసారి పని జరగదు. ఎందుకంటే ఊళ్ళోవాళ్ళు ఆ పేరే వాడరు. మచిలీపట్నం బస్టాండులో దిగి చూడండి, అందరూ బందరు అంటారు. ఓడరేవును పారశీకంలో బందర్ అంటారు, అక్కడి నుంచి వచ్చింది. భీమునిపట్నం భీమిలి. మహబూబ్‌నగర్ పాలమూరు, నిజామాబాద్ ఇందూరు, మహబూబాబాద్ మానుకోట.

ఇంకో రకం ఉంది, తోక మాత్రమే మిగిలేది. నరసరావుపేట చుట్టుపక్కల 'పేటకెళ్ళొస్తా' అంటే నరసరావుపేట. కొన్ని మైళ్ళు జరిగి చిలకలూరిపేట వైపు వెళ్ళి అదే మాట అంటే చిలకలూరిపేట. తాడేపల్లిగూడెం దగ్గరా 'గూడెం', కొత్తగూడెం దగ్గరా 'గూడెం'. దీనికి మందు ఒకటే, బస్టాండులో పది నిమిషాలు నిలబడి కండక్టర్ల కేకలు వినడం. వాళ్ళు కేకేసే పేరే ఆ ప్రాంతంలో నడిచే పేరు.

చివరి పని: అడగండి, కానీ ఇలా అడగండి

"దీన్ని ఎలా పలకాలండీ?" అని అడిగితే అవతలివాళ్ళు జాగ్రత్తపడిపోయి, కాగితం మీద ఉన్న పేరునే మీకు చదివి వినిపిస్తారు. "మీరు ఏ ఊరు వెళ్తున్నారమ్మా?" అని అడగండి. "మీ ఊరి సంత ఏ రోజండీ?" అని మాట కలపండి. మాటల్లో పేరు దానంతట అదే దొర్లుతుంది. ఫోన్లో అయితే నేను "మీ ఊరి పేరు ఒకసారి చెప్పండి, నేను తెలుగులో రాసుకుంటాను" అనేదాన్ని. తెలుగులో అన్నందుకే చాలామంది సంతోషంగా, అక్షరం అక్షరం విడదీసి చెప్పేవారు.

విన్నదాన్ని తిరిగి అనేటప్పుడు ఒక జాగ్రత్త. విజయనగరంవాళ్ళు వాళ్ళలో వాళ్ళు ఇజీనారం అనుకుంటారు. ఒకసారి ఒకాయన అలా అన్నాడు కదా అని నేనూ ఇజీనారం అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "విజయనగరమేనండి" అన్నాడు. వెక్కిరించానేమో అనుకున్నట్టున్నాడు. ఆ యాస ఆయనది, నాది కాదు. బందరు, బెజవాడ, భీమిలి, పాలమూరు ఎవరైనా అనొచ్చు, అవి పేర్లు. యాసలో మారిన రూపాన్ని మాత్రం విని అర్థం చేసుకుంటే చాలు. త, ట, దీర్ఘం, ఒత్తు సరిగ్గా పలకండి, అదే వాళ్ళకు కావాల్సింది.

తెలిసిన పేరును తెలిసిన రోజే తెలుగులో రాసిపెట్టుకోండి, పక్కన ఇంగ్లీషు స్పెల్లింగుతో సహా. ఫోన్ నోట్సులో అయినా ఫర్వాలేదు. మీ సొంత ఊరి చిరునామా ఎవరికైనా పంపేటప్పుడు కూడా ఊరి పేరు ఒక్కటీ తెలుగులో మళ్ళీ రాయండి. అవతల తెర ముందు కూర్చున్న అమ్మాయికి ఆ ఒక్క మాటతో మీ ఊరు దొరుకుతుంది.